నంద్యాల గడియారం, కోల్‌కతా పేరు

నంద్యాలలో ఎవరైనా కొత్త కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించుకుంటుంటే, మధ్యలో ఒకచోట అది ఆగి, మీరు ఏ ఊళ్లో ఉన్నారని అడుగుతుంది. ముందు ఖండం చెప్పాలి, తరవాత ఊరు. ఆసియా కింద వచ్చే జాబితాలో నంద్యాల ఉండదని అందరూ ఊహించేదే. కర్నూలు కూడా ఉండదు. పోనీ హైదరాబాదో చెన్నైయో అని వెతికితే అవీ ఉండవు. దేశ రాజధాని ఢిల్లీకే చోటు లేదు. కాఠ్మాండూ దాటి కిందికి వెళితే, క్వాలాలంపూర్‌కి కాస్త ముందు, భారతదేశం మొత్తానికి ఒకే ఒక్క పేరు కనిపిస్తుంది: ఏషియా/కోల్‌కతా. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరి పేరును మన ఊరి పేరుగా ఒప్పుకుంటే తప్ప ఇన్‌స్టలేషన్ ముందుకు సాగదు.

ఇందులో కోల్‌కతా పక్షపాతం ఏమీ లేదు. కంప్యూటర్లు కాలాన్ని రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటాయి. మొదటిది అంకె: గ్రీనిచ్ కాలానికీ మన గడియారానికీ ఎంత తేడా అన్నది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. రెండోది పేరు: ఆ తేడా ఏ యేడు ఎంత ఉండేది, ఎప్పుడు మారింది అన్న చరిత్రంతా కలిపి కట్టిన మూటకు వేసిన చీటీ. చాలామంది ప్రోగ్రామర్లు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. భారతదేశంలో ఉన్నంతకాలం ఆ పొరపాటు బయటపడదు కూడా. 1945 నుంచి మన అంకె మారలేదు కాబట్టి.

అంకె సంగతి ముందు చూద్దాం. అది సూర్యుడితో మొదలవుతుంది.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. నంద్యాల రేఖాంశం దాదాపు 78.5 డిగ్రీల తూర్పు. లెక్క వేస్తే గ్రీనిచ్ కన్నా 5 గంటల 14 నిమిషాలు ముందు. ఆళ్లగడ్డకూ ఇంచుమించు ఇదే అంకె. కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల దాటి దక్షిణంగా వెళితే ఆళ్లగడ్డ వస్తుంది. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి గనక సూర్యుడు వాటి మధ్యాహ్నరేఖను దాటే వేళల్లో తేడా కొద్ది సెకన్లే. అదే ఈ ప్రాంతంలో తూర్పు దిక్కుగా వెళితే ప్రతి 27 కిలోమీటర్లకూ సుమారు ఒక నిమిషం తేడా వస్తుంది. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన రాష్ట్రంలో కాకినాడకు కాస్త తూర్పుగా, తుని పరిసరాల్లో వెళుతుంది. నంద్యాల నుంచి అక్కడికి 4 డిగ్రీలు. కాబట్టి తుని సూర్యుడికీ నంద్యాల సూర్యుడికీ 16 నిమిషాల ఎడం ఉంది.

ఈ 16 నిమిషాలు సగటు మాత్రమే. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వాలి ఉండడం వల్ల సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే వేగంతో నడవడు. ఫిబ్రవరి రెండోవారంలో నంద్యాలలో అసలు మధ్యాహ్నం గడియారం 12:30 చూపించేటప్పుడు అవుతుంది. నవంబరు మొదటివారంలో మాత్రం సరిగ్గా 12కి. ఏడాదిలో ఆ కొద్ది రోజులే ఈ ఊరి సూర్యుడూ గోడ గడియారమూ ఒకే మాట చెబుతాయి. శ్రీరామనవమి కల్యాణం అభిజిత్ ముహూర్తంలో చేస్తారు. అది పన్నెండింటికని మనకు వాడుక. ఏప్రిల్ మొదట్లో నంద్యాలలో ఆ ముహూర్తం నడిమధ్య 12:19కి వస్తుంది.

ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదు. సూర్యసిద్ధాంతం లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా పోయే రేఖను సున్నాగా పెట్టుకుంది. ఏ ఊరివాళ్లు ఆ ఊరికి దేశాంతర సంస్కారం చేసుకోవాలంది. ఉజ్జయినికి నంద్యాల 2.7 డిగ్రీలు తూర్పు, అంటే దాదాపు 11 నిమిషాలు. పంచాంగం భాషలో 27 విఘడియలు. అహోబిలంలో స్వామివారి సేవలకు ముహూర్తం కట్టే సిద్ధాంతిగారు చేసే పనీ, మీ ఫోన్‌లోని చిప్ చేసే పనీ ఒకటే: ఒక మూలరేఖ, దాని నుంచి ఒక తేడా. మూలరేఖ ఉజ్జయిని నుంచి గ్రీనిచ్‌కు జరిగింది, అంతే.

ఇక కంప్యూటర్ లోపలికి వెళదాం. యూనిక్స్ వంశానికి చెందిన యంత్రాలకు రోజులూ నెలలూ తెలియవు. 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే వాటికి తెలిసిన కాలం. మనకు చూపించేటప్పుడు దానికి 19,800 సెకన్లు కలుపుతాయి. అదే ఐదున్నర గంటలు. ఎప్పుడైనా ఫోన్‌లో ఒక ఫొటో తేదీ చెడిపోయి "1970 జనవరి 1, ఉదయం 5:30" అని కనిపించిందనుకోండి, ఆ ఫైలులో కాలం ఉండాల్సిన చోట సున్నా ఉందన్నమాట. అదే ఫైలు లండన్‌లో తెరిస్తే తెల్లవారుజాము ఒంటిగంట అని చూపిస్తుంది. ఆ యేడు బ్రిటన్ గడియారాలు శీతాకాలంలోనూ గంట ముందుకే నడిచాయి మరి. సున్నాకు కూడా చరిత్ర కావాలి.

19,800 సులువైన అంకెలా కనిపిస్తుంది గాని, దాన్ని రాసే పద్ధతుల్లో గందరగోళం తక్కువేం కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తేదీ పక్కన +05:30 అని రాస్తారు. గ్రీనిచ్‌కు తూర్పున ఉంటే కూడిక గుర్తు. సహజంగానే ఉంది. జావాస్క్రిప్ట్‌ను అడిగి చూడండి, -330 అంటుంది. నిమిషాల్లో, అదీ తీసివేత గుర్తుతో. పాత యూనిక్స్ పద్ధతిలో భారతదేశాన్ని "ఐఎస్‌టీ-5:30" అని రాయాలి. మన గడియారానికి ఎంత కలిపితే గ్రీనిచ్ కాలం వస్తుందన్నది వాళ్ల ప్రశ్న. అమెరికా గ్రీనిచ్‌కు పడమర గనక అక్కడ కూర్చున్నవాళ్లకు కూడిక గుర్తే వచ్చింది, మనకు తీసివేత మిగిలింది. అందుకే "జీఎంటీ-5" అనే పేరున్న మండలం కొన్ని యంత్రాల్లో న్యూయార్క్ వైపు కాకుండా కరాచీ వైపు చూపిస్తుంది. ఇంత తలతిరుగుడు వ్యవహారాన్ని ఇన్ని దశాబ్దాలు ఎవరూ సరిదిద్దలేదేమని అడగవచ్చు. దిద్దితే అప్పటిదాకా దాన్ని నమ్ముకుని సరిగ్గా నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా తప్పుతాయి.

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం. ప్రపంచంలోని మండలాల చరిత్రను ఒకచోట చేర్చే పని 1986 ప్రాంతంలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టాడు. ఖండం/ఊరు అనే పేర్ల పద్ధతిని పాల్ ఎగర్ట్ 1993లో ప్రతిపాదించాడు. దీన్ని టీజడ్ డేటాబేస్ అంటారు. లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నీ దీని మీదే నడుస్తాయి. విండోస్ మాత్రం తన సొంత జాబితా పెట్టుకుంది. అందులో మనది "ఇండియా స్టాండర్డ్ టైమ్", పక్కన చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని రాసి ఉంటుంది. (హైదరాబాదును మరిచిపోవడంలో రెండు జాబితాలూ ఏకాభిప్రాయంతో ఉన్నాయి.)

దేశాల పేర్లు పెట్టకుండా ఊళ్ల పేర్లు ఎందుకంటే, దేశాలు విడిపోతాయి, కలుస్తాయి, సరిహద్దుల మీద తగువులు పడతాయి. పెద్ద ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. 1970 తరవాత గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడిచిన ప్రాంతమంతా ఒక మండలం. దానికి సాధారణంగా ఆ ప్రాంతంలో బాగా జనాభా ఉన్న ఊరి పేరు పెడతారు. అలా కలకత్తా మనందరికీ ప్రతినిధి అయింది. ఊళ్ల పేర్లు నిలకడగా ఉంటాయనుకున్నవాళ్లకు 2001లో కలకత్తాయే కోల్‌కతాగా మారి జవాబు చెప్పింది. డేటాబేస్ 2008లో కొత్త పేరు తీసుకుంది, పాత పేరును మారుపేరుగా ఉంచింది. అయితే క్రోమ్ బ్రౌజరు వాడే మరో జాబితా, ఒకసారి పెట్టిన గుర్తింపును మార్చబోమని నియమం పెట్టుకుంది. అందువల్ల ఒకే బల్ల మీద ఫైర్‌ఫాక్స్ "కోల్‌కతా" అంటే, క్రోమ్ "కలకత్తా" అంటుంది. ఈ రెంటినీ అక్షరం అక్షరం పోల్చి, వేరని తేల్చే ప్రోగ్రాము రాసినవారు నంద్యాలలో కూర్చున్న ఒకే మనిషిని రెండు దేశాల్లో ఉన్నట్టు లెక్కగడతారు.

ఆ పేరు వెనకున్న మూట విప్పితే అసలు వినోదం మొదలవుతుంది. కోల్‌కతా పద్దులో మొదటి వరస 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు. ఇది ఆ ఊరి సూర్యుడి కాలం, 1854 జూన్ దాకా. రెండో వరస 5:53:20. మూడోది 1870 నుంచి 1905 చివరి దాకా 5:21:10. చివరిది 1906 జనవరి 1 నుంచి 5:30. మధ్యలో యుద్ధకాలపు మార్పులు రెండు.

ఆ మూడో వరస మనది. 5:21:10 అంటే మద్రాసు కాలం. ఈస్టిండియా కంపెనీ నుంగంబాక్కంలో 1792లో కట్టించిన ఖగోళ వేధశాల నుంచి వచ్చిన అంకె అది. అక్కడి పెద్ద రాతిస్తంభం ఇప్పటికీ వాతావరణ శాఖ ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఒకటి. మద్రాసు అటు బొంబాయికీ ఇటు కలకత్తాకూ నడుమ పడడం, తంతి ద్వారా సమయం పంపే ఏర్పాటు ఉండడం వల్ల రైళ్లకు మద్రాసు కాలమే పెట్టారు. అప్పట్లో నంద్యాల, ఆళ్లగడ్డలు మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా కిందివి. నంద్యాల సూర్యుడికీ మద్రాసు కాలానికీ ఎడం 7 నిమిషాల 15 సెకన్లు. 1906లో ప్రామాణిక కాలం వచ్చి గడియారాలు మరో 8 నిమిషాల 50 సెకన్లు ముందుకు జరిగాయి. రెండూ కలిపితే 16 నిమిషాల 5 సెకన్లు. ఇందాక డిగ్రీలతో గుణించి తెచ్చిన 16 నిమిషాలు ఇవే. నంద్యాల తన సూర్యుణ్ని రెండు విడతల్లో వదులుకుంది.

ఇంకా తమాషా ఏమంటే, ఆ కాలంలో కలకత్తా నగరం మద్రాసు టైమును లెక్కచేయలేదు. 1948 దాకా తన కలకత్తా టైమునే పట్టుకుని వేలాడింది. డేటాబేస్‌లో మాత్రం కోల్‌కతా పేరు కింద మద్రాసు కాలం నడిచింది. ఆ ముప్పై ఆరేళ్ల వరకు ఆ పద్దు కోల్‌కతా కన్నా నంద్యాలకే బాగా అతుకుతుంది.

ఈ పాత వరసలు పురావస్తు శాఖవారికి తప్ప ఎవరికి కావాలని అనిపించవచ్చు. పైథాన్ రాసేవాళ్లను అడగండి. ఆళ్లగడ్డ శిల్పులకు విగ్రహాల ఆర్డర్లు పంపే ఒక వెబ్‌సైటు ఉందనుకుందాం. మన గడియారంలో ఉదయం 10 గంటలకు అమెరికాలోని ఒక గుడివారు ఆరడుగుల వేంకటేశ్వరుడికి ఆర్డరు ఇచ్చారు. రికార్డులో 9:37 పడింది. సర్వరు గడియారం బాగానే ఉంది, ఇంటర్నెట్ బాగానే ఉంది. ఎక్కడిదీ 23 నిమిషాల తేడా? పైటీజడ్ అనే పాత లైబ్రరీలో కోల్‌కతా మండలాన్ని నేరుగా తేదీకి తగిలిస్తే అది మూటలోని మొట్టమొదటి వరసను తీసుకుంటుంది. అంటే 1854కు ముందు కలకత్తా మీద వెలిగిన సూర్యుడి కాలం, 5:53. దాని ప్రకారం 10 గంటలంటే గ్రీనిచ్‌లో 4:07. దాన్ని మళ్లీ ఐదున్నరతో మన గడియారానికి తిప్పితే 9:37. తేదీని మండలానికి అప్పగించి, ఆ రోజుకు ఏ వరస వర్తిస్తుందో దాన్నే ఎంచుకోనివ్వడం సరైన పద్ధతి. 2020లో వచ్చిన పైథాన్ 3.9 నుంచి ఈ సదుపాయం భాషలోనే ఉంది. అయినా లోపం 23 నిమిషాలే అయితే, అది ఎక్కడిదో అనుభవజ్ఞులు ఇట్టే చెప్పేస్తారు.

పాత కాలపు వరసల మీద నిజమైన ఆసక్తి ఉన్నది జ్యోతిషులకు. ఇది వెటకారం కాదు. 1970కి ముందు ఏ ఊళ్లో గడియారం ఎంత చూపించేదో ప్రపంచవ్యాప్తంగా ఓపిగ్గా కూడబెట్టిన పుస్తకాలు జాతకాలు వేసేవారి కోసం వచ్చినవే. టీజడ్ డేటాబేస్ కూడా వాటి నుంచి సమాచారం తీసుకుంది. అందుకే 2011 సెప్టెంబరు 30న ఆస్ట్రోలేబ్ అనే అమెరికన్ జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓల్సన్, ఎగర్ట్‌ల మీద కాపీరైటు దావా వేసింది. కొద్దిరోజులు ప్రపంచంలోని కంప్యూటర్లకు కాలచరిత్ర అందించే చోటు మూతపడింది. అక్టోబరులో ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో కంపెనీ దావా వెనక్కి తీసుకుంది. గతంలో గడియారం ఎంత కొట్టిందన్నది ఒక వాస్తవం, వాస్తవానికి కాపీరైటు ఉండదన్నది ఎగర్ట్ పక్షం వాదన. అది సబబుగానే ఉందని నా అభిప్రాయం.

జాతకానికి ఇదెంత ముఖ్యమో ఒక పుట్టుకను తీసుకుని చూద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఆఫ్‌సెట్ ఆరున్నర గంటలైంది. 1943 మార్చి 10, బుధవారం, గడియారం ఉదయం 7 గంటలు చూపిస్తుండగా ఆళ్లగడ్డలో ఒక బిడ్డ పుట్టిందనుకోండి. నిజానికి అది మామూలు లెక్కలో 6 గంటలే. ఆ రోజు అక్కడ సూర్యోదయం మామూలు లెక్కలో 6:28 ప్రాంతంలో. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది గనక ఆ బిడ్డ పుట్టింది మంగళవారం. ఎప్పుడూ ఐదున్నరే అని గుడ్డిగా రాసిపెట్టుకున్న సాఫ్ట్‌వేర్ దాన్ని బుధవారం చేస్తుంది. లగ్నం కూడా దాదాపు అర రాశి జరిగిపోతుంది. అనుభవమున్న సిద్ధాంతులు ఆ మూడేళ్ల జాతకాలు వచ్చినప్పుడు గంట తీసేయాలని గుర్తుపెట్టుకుంటారు. పుట్టిన వేళ రాసినవాళ్లు కొత్త గడియారం చూశారా, పాత అలవాటు కొద్దీ రాశారా అన్నది ఏ డేటాబేస్‌కూ తెలియదు. అది ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిందే.

పేరును గుడ్డిగా నమ్మినా ఇబ్బందే. కోల్‌కతా పద్దులో 1941 అక్టోబరు 1 నుంచి 1942 మే 15 వరకు కూడా ఆరున్నర గంటలని ఉంది. అది బెంగాల్ ప్రభుత్వం తన ప్రాంతానికి పెట్టుకున్న మార్పు. మద్రాసు ప్రెసిడెన్సీకి దాంతో సంబంధం లేదు. 1942 సంక్రాంతికి ఆళ్లగడ్డలో పుట్టినవారి జాతకాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో వేస్తే, బెంగాల్ వాళ్లు జరుపుకున్న గంట మనవాళ్ల నెత్తిన పడుతుంది. డేటాబేస్ నిర్వాహకులు ఈ విషయంలో దాపరికం చూపలేదు. ఒక పేరు కింద ఉన్న ప్రాంతమంతా ఒకేలా నడిచిందని వాళ్లు హామీ ఇచ్చేది 1970 నుంచే. అంతకు ముందుది ఆ ఒక్క ఊరి కథ.

పొట్టిపేర్ల సంగతి రెండు మాటల్లో ముగిద్దాం. ఐఎస్‌టీ అంటే మనకు భారత కాలం, ఐర్లండ్‌లో ఐరిష్ కాలం, టెల్ అవీవ్‌లో ఇజ్రాయెల్ కాలం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు అమరికలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్. నంద్యాలలో "10:00 ఐఎస్‌టీ" అని రాసి దాస్తే, తిరిగి తీసేటప్పుడు మన గడియారంలో మధ్యాహ్నం 1:30 అవుతుంది. పొట్టిపేరు మనుషులు చదువుకోవడానికి బాగుంటుంది, యంత్రానికి ఇవ్వకూడదు.

మరి అంకె చాలుతుందా, పేరు కావాలా? జరిగిపోయిన సంగతికి అంకె చాలు. ఏటీఎంలో డబ్బు తీసిన క్షణం +05:30తో రాసిపెడితే ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు. జరగబోయేదానికి పేరే కావాలి. ఆళ్లగడ్డలో అమ్మ, డాలస్‌లో కొడుకు. మన ఆదివారం ఉదయం 7 గంటలకు వీడియో కాల్ అని ఖాయం చేసుకున్నారు. వేసవిలో అది డాలస్‌లో శనివారం రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి వెళతాయి. ఆ తరవాత అదే కాల్ అక్కడ 7:30కి పడుతుంది. కాల్‌ను ఏషియా/కోల్‌కతా పేరుతో దాస్తే అమ్మ కాఫీ వేళ మారదు, కొడుకు భోజనం వేళ మారుతుంది. డాలస్ పేరుతో దాస్తే తలకిందులు. అన్నట్టు డాలస్ కూడా జాబితాలో లేదు. ఆ అబ్బాయి ఫోన్‌లో ఉన్న పేరు అమెరికా/షికాగో. తల్లీ కొడుకులిద్దరూ తాము ఉండని ఊళ్ల పేర్ల మీదే కాలక్షేపం చేస్తున్నారు.

భవిష్యత్తును అంకెతో రాయకూడదనడానికి ఇంకో కారణం ప్రభుత్వాలు. కజక్‌స్థాన్ 2024 మార్చి 1న దేశమంతటినీ ఒకే కాలానికి తెచ్చింది. ఈజిప్టు 2023లో వేసవి కాలమానాన్ని మళ్లీ తెచ్చుకుంది. ఇలాంటి నిర్ణయం వెలువడగానే డేటాబేస్‌లో ఒక వరస చేరుతుంది, అప్‌డేటు రూపంలో ఫోన్లకు చేరుతుంది. పేరుతో దాచిన అపాయింట్‌మెంట్లు వాటంతటవే సర్దుకుంటాయి. అంకెతో దాచినవి సర్దుకోవు.

మన దేశంలోనూ ఇలాంటి ప్రతిపాదన ఉంది. మన ప్రామాణిక కాలాన్ని అణుగడియారాలతో నిలబెట్టే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ఒక వ్యాసం రాశారు. ఈశాన్య రాష్ట్రాలకు ఆరున్నర గంటల ఆఫ్‌సెట్‌తో రెండో కాలమండలం పెట్టవచ్చన్నారు. వాళ్లు గీసిన విభజనరేఖ 89 డిగ్రీల 52 నిమిషాల దగ్గర ఉంది. అది ఎప్పటికైనా అమలైతే డేటాబేస్‌కు రెండో భారతీయ పేరు కావాలి. జనాభా నియమం ప్రకారం ఆ అవకాశం గువాహటికి ఎక్కువ. కోల్‌కతా ఆ రేఖకు ఒకటిన్నర డిగ్రీలు పడమర. కాబట్టి అప్పుడు కూడా నంద్యాల, ఆళ్లగడ్డలు ఏషియా/కోల్‌కతా కిందే ఉంటాయి.